మధ్యలో వదిలేసిన అక్షరాలు

ఆ గదిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు సన్యాసి అని పేరు. పెట్టింది కంపెనీలో ప్రోగ్రాములు పరీక్షించే టెస్టర్. దానికి ఇంటర్నెట్ లేదు, మెయిల్ లేదు, వైఫై చిప్పును కొన్న రోజే పీకి పారేశారు. లోకంలో ఎవరితోనూ దానికి బంధుత్వం లేదు. దానికి ఏమైనా ఇవ్వాలంటే పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చి భిక్ష వేసినట్టు వేయాలి, అది ఇచ్చినా అలాగే పుచ్చుకోవాలి. దానికున్న ఆస్తల్లా ఒక రహస్యపు కీ. ఆ కీని కదిలించాలంటే పొడుగాటి పాస్‌వర్డు కావాలి, ఆ పాస్‌వర్డు ఒకే ఒక్కరి బుర్రలో ఉంది. ఆ ఒక్కరినీ కంపెనీలో చిన్నా పెద్దా అందరూ సంతకాలక్క అని పిలుస్తారు.

ఆ కంపెనీ ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపులకు ప్రోగ్రాములు రాస్తుంది. సిరంజిని పంపులో బిగించి గంటకు ఇంత అని చెబితే, అంతే మందు, తొందరపడకుండా, నిద్రపోకుండా రోగి ఒంట్లోకి ఎక్కిస్తుంది పంపు. ప్రోగ్రాము మారినప్పుడల్లా కొత్త ఫైలు వెళ్లాలి. ఆ ఫైలు కంపెనీ నుంచే వచ్చిందని, దారిలో ఎవడూ చెయ్యి పెట్టలేదని నమ్మకం ఏమిటి? సంతకమే నమ్మకం.

సంతకం అంటే కాగితం మీద గిలికేది కాదు. సంతకాలక్క నల్లటి తెర మీద ఒక కమాండ్ కొడుతుంది. సన్యాసి ఆ ఫైలునంతా చుక్క వదలకుండా చదివి, రహస్యపు కీతో కలిపి ఒక చిన్న సంతకం ఫైలు తయారుచేస్తుంది. ఆ రహస్యపు కీకి జోడీగా ఇంకో కీ ఉంటుంది. దాన్ని దాచక్కర్లేదు, ఊరంతా పంచినా నష్టం లేదు. ఆసుపత్రివాళ్లు ఆ జోడీ కీతో సరిచూసుకుంటే 'సంతకం సరైనదే' అని తెర మీద ఒక్క ముక్క వస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా, సంతకం ఇంకో కీతో పెట్టినా చెల్లదంటుంది. దానికి మొహమాటం తెలియదు, మనిషిని చూసి మాట మార్చదు.

అంతా బాగానే ఉంది. కానీ ఆ జోడీ కీ నిజంగా సంతకాలక్కదేనా అన్నది మాత్రం ఏ కమాండూ చెప్పలేదు. అది మనుషులు మనుషులతో తేల్చుకోవాలి. ఇలాంటి పనులు మనుషుల మీద పడ్డప్పుడే కొంపలు మునుగుతుంటాయి.

ఆ రోజు ఉదయం కీ మార్చారు. పాత కీకి కాలం తీరింది. కొత్త జత తయారుచేసి, జోడీ కీని ఆసుపత్రికి మెయిల్లో పంపింది సంతకాలక్క. చూడ్డానికి అది ఒకటే వరస. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు కలగాపులగంగా, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టు ఉంటుంది. మెయిల్‌ను దారిలో ఎవడైనా మార్చొచ్చు కాబట్టి ఆ వరసను ఫోన్లో చదివి సరిచూసుకోవాలని నియమం. చదివేవాళ్ల గొంతు వినేవాళ్లకు బాగా తెలిసి ఉండాలని కూడా నియమం.

గొంతుకేం లోటు? ఆసుపత్రిలో యంత్రాలు చూసే ఇంజనీరు ఆమెకు స్వయానా మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి లెక్కల మాస్టారికి భయపడి మంచం కింద దాక్కునే వయసు వాడిది. ఇప్పుడు చెంపలు నెరిశాయి, కింద పనిచేసే మనుషులున్నారు. అయినా ఇంట్లో వాడు చిన్నోడే.

"చెప్పు వదినా. మొదటి నాలుగు, చివరి నాలుగు," అన్నాడు, రెండు గంటల తర్వాత ఆమె ఫోన్ చేయగానే.

"మొత్తం చదువుతాను, చూసుకో."

"అంతా ఎందుకు? ఎప్పుడూ మొదలూ చివరా చూసేగా కానిచ్చేస్తాం. నీ గొంతు నాకు తెలీదా, నా గొంతు నీకు తెలీదా? అవతల అమ్మకి కంటి మీద కునుకు లేదు. ఆ పంపు కూతకి ఒక్క అమ్మేంటి, వార్డంతా లేచి కూర్చుంటోంది."

"నిదానమే ప్రధానం అన్నారు చిన్నోడా."

"ఆలస్యం అమృతం విషం అని కూడా వాళ్లే అన్నారు. చెప్పు చెప్పు."

సంతకాలక్క నవ్వింది. అక్కడ నవ్వకుండా ఉండాల్సింది. "పెద్ద ఆర్, పెద్ద డబ్ల్యు, ఏడు, చిన్న కె," అని మొదలు చదివింది. "చిన్న టి, తొమ్మిది, పెద్ద ఎం, పెద్ద జెడ్," అని చివర చదివింది. మధ్యలో ఉన్న పెద్ద గుంపును గుమ్మం బయటే నిలబెట్టేశారు వదినా మరిదీ. కరెక్టేనన్నాడు వాడు. పాత కీ తీసేయమంది ఆమె. తీసేశానన్నాడు. ఆసుపత్రి సర్వర్లోనూ, దాని కింద ఉన్న పంపుల్లోనూ కొత్త కీ ఒక్కటే మిగిలింది.

వాడి తొందరకు కారణం లేకపోలేదు. సంతకాలక్క అత్తగారు తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి అదే ఆసుపత్రిలో ఉంది. నొప్పి తెలియకుండా పంపు మీద మందు ఎక్కిస్తున్నారు. ఆ పంపుకు ఒక రోగం ఉంది. మందు సవ్యంగానే వెళ్తున్నా ఏదో అడ్డుపడిందని ఊరికే కూస్తుంది. నర్సు వచ్చి నొక్కితే ఊరుకుంటుంది, ఆమె వెనక్కి తిరగగానే మళ్లీ మొదలు. "మీ మామగారు బతికున్నప్పుడు ఇలాగే సణిగేవారు. ఆయన పోయారు, ఈ పెట్టె దాపురించింది," అంది అత్తగారు నిన్న సాయంత్రం. ఆమె పడుకోక, పక్కన కుర్చీలో కూర్చున్న పెద్ద కొడుకును పడుకోనివ్వక, నాలుగు రాత్రులుగా ఇదే వరస. సంతకాలక్క భర్త పొద్దున ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద వాలిపోయాడు. ఆ కూతను పోగొట్టే అప్‌డేటే ఇప్పుడు వెళ్లాల్సింది.

వెళ్లాల్సింది గానీ ఇంకా వెళ్లలేదు. ఫైలు సిద్ధమై సన్యాసి దగ్గరకు వచ్చింది. టెస్టర్ మాత్రం సరే అనలేదు. టెస్టర్ ఒక పట్టాన దేనికీ సరే అనడు, పెళ్లిచూపుల్లో కూడా ఆలోచించి చెబుతానని మూడు నెలలు నానబెట్టిన మనిషి. చిన్న సిరంజితో ఇంకోసారి నడిపి చూస్తానని పక్క గదిలో పంపు ముందు కూర్చున్నాడు. అతను తల ఊపేదాకా సంతకం పెట్టకూడదు. సంతకాలక్క భోజనం చేసి, చేతులు కడుక్కుని, సన్యాసి ముందు ఖాళీగా కూర్చుంది.

అప్పుడు మళ్లీ ఫోన్ మోగింది.

"వదినా, నీ నోట్లో చక్కెర పొయ్యాలి," అన్నాడు మరిది. గొంతులో పండగ ఉంది. "బ్రహ్మాండంగా ఉంది అప్‌డేట్. ఒక్క కూత లేదు. అమ్మ వార్డుకే ముందు ఎక్కించాను, ఎవరేమనుకుంటే నాకేం. హాయిగా నిద్రపోతోంది. ఇన్ని రోజుల్లో అమ్మని అలా చూడలేదు."

"ఏ అప్‌డేట్?"

"ఏ అప్‌డేట్ ఏంటి, నువ్వు పంపిందే. మిగతా వార్డులకి ఇప్పుడు మొదలుపెడుతున్నా."

"చిన్నోడా, ఆగు. నేను దేని మీదా సంతకం పెట్టలేదు."

వాడు నవ్వాడు. వదిన ఆట పట్టిస్తోందనుకున్నాడు. "పెట్టకపోతే తెర మీద సంతకం సరైనదే అని ఎలా వస్తుంది? నువ్వేగా చెప్పావు, మనిషిని అడక్కు, కమాండ్‌ని అడుగు అని. అడిగాను. అది సరే అంది."

సంతకాలక్క ముందుకు వంగింది. ఎదురుగా సన్యాసి తెర మీద ఆ ఫైలు ఉంది. దాని పక్కన సంతకం ఫైలు లేదు. ఉదయం కొత్త కీ పుట్టినప్పటి నుంచి దానితో ఒక్క సంతకమూ పెట్టలేదు. సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆమెదొక్కటే. సరిగ్గా ఉన్నదని తేలిన సంతకం మరి ఎవరిది?

"మిగతా వార్డులు ఆపు. ముందు ఆపు, తర్వాత మాట్లాడు."

"ఆపాను. ఏంటి వదినా?"

"నీ సర్వర్లో ఉన్న కీ తెరువు. మొదటి అక్షరం నుంచి చదువు. ఒక్కటీ వదలకు."

వాడు కీ తెరిచాడు. "పెద్ద ఆర్, పెద్ద డబ్ల్యు, ఏడు, చిన్న కె," అన్నాడు. ఆమె తన తెర మీది వరస మీద వేలు పెట్టి కదిలిస్తోంది. "చిన్న పి."

వేలు ఆగిపోయింది. ఆమె తెర మీద అక్కడ మూడు అంకె ఉంది.

"మళ్లీ చెప్పు."

"చిన్న పి. తర్వాత పెద్ద వై, ఎనిమిది, చిన్న జి..."

ఏదీ కలవడం లేదు. ముఖం అదే, కాళ్లూ అవే, మధ్యలో మనిషే వేరు. ఆమె చివరిదాకా చదవనిచ్చింది. చిన్న టి, తొమ్మిది, పెద్ద ఎం, పెద్ద జెడ్ దగ్గర మళ్లీ అన్నీ కలిశాయి.

ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. ఎవడో ఆసుపత్రి మెయిల్లో ఎప్పటి నుంచో కాపు వేసి కూర్చున్నాడు. పాత మెయిళ్లన్నీ చదివాడు. ప్రతి దానిలోనూ మరిది ఒకే జవాబు రాశాడు: మొదటి నాలుగు, చివరి నాలుగు సరిపోయాయి వదినా. వీళ్లు ఎక్కడ చూస్తారో, ఎక్కడ చూడరో దొంగకు స్వయంగా రాసిచ్చాడు. ఇక మొదలూ చివరా కలిసేలా ఇంకో కీ జత పుట్టించడం పెద్ద కంప్యూటర్ల గుంపుకు గంట పని. సంతకాలక్క మెయిల్ తొక్కిపెట్టి, తన కీ ఉన్న మెయిల్ వదిలాడు. ఆ తర్వాత వదినా మరిదీ ఫోన్లో ముచ్చటగా ఎనిమిది అక్షరాలు చెప్పుకుని వాడి కీకి తలుపు తీశారు, వాడు తన ప్రోగ్రామును ఆమె పేరుతోనే లోపలికి పంపాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆసుపత్రి యంత్రాలన్నీ ఆ కీ చెప్పిందల్లా నమ్మాయి. వాడెవడో, వాడికేం కావాలో తర్వాత తేలుతుంది, తేలకపోనూవచ్చు. మందు సీసాల దగ్గర చెయ్యి పెట్టేవాడికి మనసు ఎలా ఒప్పుతుందో మాత్రం ఎన్నటికీ తేలదు.

"వదినా," అన్నాడు మరిది. గొంతులో పండగ పోయింది. "పాత ప్రోగ్రాము మీద కొత్త కీతో సంతకం పెట్టి పంపు. వెనక్కి తిప్పేస్తాను. ఐదు నిమిషాల పని, ఎవరికీ తెలియక్కర్లేదు."

ఆమె ఆలోచించకుండా కీబోర్డు ముందుకు లాక్కుంది. పాత ప్రోగ్రాము సన్యాసిలోనే ఉంది. కమాండ్ కొట్టి, పాస్‌వర్డ్ కొట్టింది, తప్పని వచ్చింది. మళ్లీ కొట్టింది, తీసుకుంది. కొత్త కీతో ఆమె పెట్టిన మొదటి సంతకం అదే. పెన్‌డ్రైవ్ లాగి, పక్కనున్న మామూలు కంప్యూటర్లో పెట్టి ఆసుపత్రి సర్వర్‌కు పంపింది. ఫోన్లో అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ఏమంటోంది?"

"చెల్లదంటోంది."

"ఏం చెల్లదు?"

"నీ సంతకం చెల్లదంటోంది వదినా."

ఇన్నేళ్లలో ఆమె సంతకాన్ని కాదన్న యంత్రం లేదు. ఆమెకు కోపం వచ్చింది, ఆ వెంటనే అర్థమైంది. యంత్రం తప్పేమీ లేదు. దానికి తెలిసిన కీ దొంగది. దొంగ సంతకం దొర సంతకమైంది, దొర సంతకం దొంగదైంది. సర్వర్లో కీ మార్చినా, వాడి ప్రోగ్రాము ఎక్కిన పంపులు వాడి సంతకం తప్ప ఇంకోటి ఒప్పుకోవు, ఆ కీ వాడి చేతిలో ఉంది. ఇంటికి తాళం వేసి తాళంచెవి వాడి జేబులో వేసి వచ్చారు వీళ్లు. ఈ నల్లటి తెర మీద నుంచి ఆ వార్డులోకి ఆమెకు ఇక దారి లేదు.

మరి వాడు ఆ పంపుల్లో ఏం మార్చాడు?

ఆ ప్రశ్న బుర్రలోకి వచ్చాక, ఇందాక మరిది సంబరంగా చెప్పిన మాట దాని పక్కన వచ్చి నిలబడింది. అత్తగారు హాయిగా నిద్రపోతోంది. పంపు కూయకపోతే నిద్ర పట్టొచ్చు. కానీ ఆమె మధ్యాహ్నం పడుకునే మనిషి కాదు. పక్క మంచం వాళ్ల కథలన్నీ వినకపోతే ఆమెకు తోచదు. పైగా ఆ సిరంజిలో ఉన్నది నొప్పి మందు. కాస్త ఎక్కువైతే నిద్ర, ఇంకాస్త ఎక్కువైతే మెలకువ లేని నిద్ర.

"అమ్మ ఎప్పటి నుంచి నిద్రపోతోంది?"

"అప్‌డేట్ ఎక్కించాక కాసేపటికి. నేనే దుప్పటి కప్పి వచ్చాను."

"లేపి చూశావా?"

"ఎందుకు లేపుతాను వదినా, ఇన్నాళ్లకి పడుకుంటే?"

"సిరంజిలో ఎంత మందు మిగిలింది?"

"ఉండు, ఇక్కడ సర్వర్లో కనిపిస్తుంది. సగం పైనే ఉంది. లెక్క ప్రకారం కరెక్ట్."

"ఆ లెక్క చెప్పేది కూడా ఆ ప్రోగ్రామే. తెర వద్దు. వెళ్లి సిరంజి చూడు. పరిగెత్తు."

వాడు ఫోన్ పెట్టలేదు. కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు, తలుపు చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు వరసగా వినిపించాయి. సంతకాలక్క కూడా లేచింది. ఆసుపత్రి వెనక గేటు వీధికి అవతలే ఉంది. టెస్టర్ గది ముందు నుంచి పరిగెడుతూ, "సన్యాసిని చూస్తుండు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని అరిచింది. అతను తల ఎత్తి ఏదో అడగబోయాడు, ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది.

వీధిలో ఎండ మొహాన కొట్టింది. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవికి నొక్కుకుని, లారీకి అడ్డంగా దాటేసింది. డ్రైవరు ఏమని తిట్టాడో ఆమెకు వినిపించలేదు. చెవిలో మరిది ఆయాసం ఒక్కటే వినిపిస్తోంది. ఉదయం మొత్తం చదివి ఉంటే ఎంతసేపు పట్టేది? టీ చల్లారేంతసేపు కూడా పట్టేది కాదు. ఆ మాట తలుచుకోకూడదనుకుంది. తలుచుకోకుండా ఉండలేకపోయింది.

గేటు దగ్గర ఉండగా ఫోన్లో వాడి గొంతు వినిపించింది. తనతో కాదు.

"అమ్మా. అమ్మా, లే. అమ్మా, ఒకసారి కళ్లు తెరువు."

తర్వాత ఆమెతో అన్నాడు. "వదినా, సిరంజి అడుక్కంటిపోయింది. పంపు మీద సగం పైన ఉందని రాసి ఉంది. సిరంజిలో ఏమీ లేదు వదినా."

"నర్సుని పిలు."

పిలవక్కర్లేకపోయింది. హెడ్ నర్సు వాడి గొంతు విని వచ్చేసినట్టుంది. పెదాలు చూడండి, నీలంగా ఉన్నాయి అన్న మాట, ట్రాలీ చక్రాల మోత వినిపించి, ఫోన్ ఎక్కడో కింద పడింది.

సంతకాలక్క వార్డులోకి వెళ్లేసరికి అత్తగారి మంచం చుట్టూ మనుషులున్నారు. పంపును గొట్టం నుంచి విడదీసి నేల మీద పెట్టేశారు. డాక్టరు మంచం తల దగ్గర నిలబడి ముఖానికి గాలి తిత్తి పట్టి నొక్కుతోంది. నడివయసు మనిషి, ముఖంలో కంగారు లేదు, చెయ్యి మాత్రం ఆగడం లేదు. హెడ్ నర్సు విరుగుడు మందు ఎక్కిస్తోంది. అత్తగారి వేలికి ఉండాల్సిన, ఊపిరి తగ్గితే కూత పెట్టే క్లిప్పు దిండు పక్కన పడి ఉంది. అది దురద పెడుతోందని ఆమె రోజూ పీకేస్తుంది, రోజూ నర్సులతో చీవాట్లు తింటుంది. ఈరోజు అది వేలికి ఉండుంటే ఎప్పుడో గోల పెట్టేది.

మరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఈ వార్డులో పంపులన్నిటికీ ఇదే అప్‌డేటా?" అడిగింది డాక్టరు తల తిప్పకుండానే.

"అన్నిటికీ," అన్నాడు మరిది.

"ఇద్దరు గుండె మందు మీద ఉన్నారు. అది ఉన్నట్టుండి ఆపితే వాళ్ల ప్రాణాలకి ప్రమాదం. మిగతా పంపులు చూస్తే అన్నీ లెక్క సరిగ్గానే చూపిస్తున్నాయి. ఈ ఒక్క పంపే పాడైందా, అన్నీ అంతేనా? మీరు సరిచూసే ఎక్కించారు కదా?"

మరిది నోరు తెరిచాడు. సరిచూశాననే మాట వాడి నాలుక చివరన ఉందని సంతకాలక్కకు కనిపించింది. అది అబద్ధం కూడా కాదు. కమాండ్ కొట్టాడు, జవాబు వచ్చింది, ఆ జవాబు ఇప్పటికీ తెర మీద ఉంది. ఆ ఒక్క మాట అంటే ఉద్యోగం నిలబడుతుంది, నేరం యంత్రం మీదకు పోతుంది. వాడు వదిన వైపు చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు.

"లేదు," అన్నాడు. "సగమే సరిచూశాను. తెర సరైనదే అంటోంది గానీ, ఆ తెరకి తప్పుడు కీ ఇచ్చింది నేను. ఏ పంపునీ నమ్మకండి."

"నేను కూడా సగమే చదివాను," అంది సంతకాలక్క. "కంపెనీ నుంచి చెబుతున్నాను. ఆ ప్రోగ్రాము మాది కాదు. అన్నీ తీసేయండి."

డాక్టరు ఒక్క క్షణం ఇద్దరి ముఖాలూ చూసింది. తర్వాత హెడ్ నర్సుతో, "మంచానికి ఒకరు. గుండె మందు సిరంజిలు చేత్తో పట్టుకుని, వాచీ చూసుకుంటూ కొద్దికొద్దిగా నొక్కండి. పై వార్డు నుంచి అప్‌డేట్ కాని పంపులు తెప్పించండి. అప్పటిదాకా ఎవరూ చెయ్యి తీయొద్దు," అంది.

నర్సులు చాలకపోతే పక్క వార్డు నుంచి వచ్చారు. కిటికీ దగ్గర మంచం మీదున్న పెద్దాయన సిరంజి తీసి చూస్తే అది కూడా చూపించినదానికంటే బాగా కిందికి ఉంది. ఆయన భార్య ఏమైందమ్మా, ఏమైందమ్మా అని అడుగుతుంటే ఒక నర్సు ఏమీ కాలేదు, ముందే చూశాం అంది. మరిది ఒక్కో పంపునూ మంచం నుంచి విడదీసి, కరెంటు తీసి, కారిడార్లో వరసగా నేల మీద పెట్టాడు. పై అంతస్తుకు వెళ్లి వేరే పంపులు రెండు చేతులా మోసుకొచ్చాడు. ఎవరూ వాడిని తిట్టలేదు. తిట్టేంత తీరిక ఎవరికీ లేదు.

సంతకాలక్క చేయగలిగిందేమీ లేదు. ఆమె విద్యంతా వీధి అవతల ఒక గదిలో మూతపడి ఉంది. అత్తగారి పాదాల దగ్గర నిలబడి, దుప్పటి మీద నుంచి ఒక పాదం పట్టుకుంది. చల్లగా ఉంది. ఈ పాదం నొక్కమని ఈవిడ అడిగినప్పుడల్లా ఆఫీసు పని ఉందని తప్పించుకున్న కోడలు తను. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే నొక్కుతోంది. మాట పట్టింపులతో ఏళ్లు గడిపారు ఇద్దరూ. ఈవిడ పోతే ఆ పట్టింపులు ఎవరితో పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు, కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

"ఊపిరి తీసుకుంటోంది," అంది డాక్టరు. "తనంతట తనే."

పెదాల నీలం కొద్దికొద్దిగా విడిచింది. డాక్టరు గాలి తిత్తి తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. కనుబొమలు ముడిపడ్డాయి. విరుగుడు మందు నిద్రతోపాటు నొప్పి మందు పనిని కూడా తుడిచిపెట్టేస్తుంది కాబట్టి, మెలకువ కంటే ముందు నొప్పి వచ్చింది ముసలావిడకు. మూలిగింది. ఆ మూలుగు వినగానే కొత్త పంపు మోసుకొస్తున్న మరిది గుమ్మంలోనే ఆగిపోయాడు.

అత్తగారు కళ్లు తెరిచింది. పైకప్పును చూసింది, డాక్టరును చూసింది, కాళ్ల దగ్గర కోడలిని చూసింది.

"ఎవరు లేపారు నన్ను?" అంది. గొంతు పీలగా ఉంది గానీ అందులో కారం తగ్గలేదు.

హెడ్ నర్సు దిండు పక్కనున్న క్లిప్పు తీసి ఆమె వేలికి తగిలించింది.

"ఇన్నాళ్లకి ఆ దరిద్రపు పెట్టె నోరు మూసింది. ఇన్నాళ్లకి కన్నంటుకుంది. నొప్పి లేదు, గోల లేదు, ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు ఎంత సుఖంగా ఉందో. లాక్కొచ్చి పడేశారు. ఎవరే ఆ పని చేసింది?"

"నేనే అత్తయ్యా. నేనే లేపించాను," అంది సంతకాలక్క. ఏడుస్తూ నవ్వుతోంది, ఏది ముందొచ్చిందో ఆమెకే తెలియడం లేదు.

"నువ్వే అయ్యుంటావు. నా నిద్ర మీద నీకేం కక్షే తల్లీ?"

మరిది చేతిలో పంపు కింద పెట్టి మంచం దగ్గరకు వచ్చాడు. "వదినని ఏమీ అనకమ్మా," అన్నాడు. "నిద్రపుచ్చింది నేను. లేపింది వదిన."

ముసలావిడకు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ధైర్యం వాడికి లేదు. మోకాళ్ల మీద కూలబడి, మంచం అంచుకు నుదురు ఆనించి, నెరిసిన చెంపల ఇంజనీరు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె కాసేపు వాడిని వింతగా చూసింది. సూది గుచ్చిన చేతిని మెల్లగా ఎత్తి వాడి తల మీద వేసింది.

"నేనేదో నొప్పికి అన్నాన్లేరా. ఏడవకు," అంది. "మళ్లీ పడుకుంటాలే."

"వద్దు," అన్నారు వదినా మరిదీ ఒక్కసారే.